బంగాళాదుంపలు ఎవరు తవ్వేరు?

గృహప్రవేశం భోజనాల్లో, ఆవపెట్టిన పనసపొట్టు కూర వడ్డిస్తున్న వేళ, మా బావ తన కుడికాలి బొటనవేలు పంక్తిలో ఉన్నవాళ్ళందరికీ చూపించాడు. గోరు నేరేడుపండు రంగుకి తిరిగింది.

"ఇంకో వారంలో ఊడిపోతుంది," అన్నాడు, కూతురికి సంబంధం కుదిరిన తండ్రి గొంతుతో.

పక్కాయన విస్తరి కాస్త అవతలికి జరుపుకున్నాడు. ఎదురు వరసలో పెద్దాయన ఒకరు మాత్రం జాలిపడి, "తలుపు సందులో పడిందా బాబూ?" అని అడిగారు. ఆ ప్రశ్న కోసమే బావ కాచుక్కూచున్నాడు. తలుపు కాదు, కైలాసగిరి దిగుడు. దిగేటప్పుడు వేలు బూటు ముందు భాగానికి కొట్టుకుంటుంది. గోరు కింద రక్తం గడ్డకడుతుంది. గోరు ఊడనివాడు ఇంకా లోపలికి రానట్టే లెక్క. పాయసం వచ్చేసరికి రెండో కాలి మేజోడు కూడా విప్పబోతుంటే అక్క చూసిన చూపుకి ఆగాడు.

ఇలాంటి బావ ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఒకడున్నాడు. మీ వీధిలో లేడంటే మీరు తెల్లవారుజామున లేవడం లేదన్నమాట. ఈ జాతి ఒక్కరోజులో పుట్టదు. నలభయ్యో ఏట ఒక రక్తపరీక్ష కాయితం వస్తుంది. డాక్టరు, "కాస్త నడవండి," అంటాడు. అక్కడితో ఆగితే మంచిదే. కానీ విశాఖపట్నం బీచి రోడ్డు ఆగనివ్వదు. నడిచేవాణ్ణి పరుగెత్తేవాడు దాటిపోతాడు. నడిచేవాడికి రోషమొస్తుంది. ఐదు కిలోమీటర్లు, పది, ఇరవయ్యొకటి, నలభై రెండు. బ్యాంకులో పన్నెండేళ్ళు పదోన్నతి లేని మా బావకి ఇక్కడ నాలుగేళ్ళలో నాలుగొచ్చాయి.

మారథాన్ అయ్యాక కొన్నాళ్ళు శాంతిగా ఉన్నాం. 42.195 కిలోమీటర్లలో ఆ చివరి 195 మీటర్లు ఎక్కడివో ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చేసింది: 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలెట్టి స్టేడియంలో రాజకుటుంబం కూచున్న చోటు ముందు ముగించిన దూరమట అది; 1921లో అదే ఖాయమైందట. ఇంటి అప్పు వడ్డీ ఎంతో కనుక్కోవడానికి వచ్చినవాళ్ళు కూడా ఈ సంగతి తెలుసుకునే బ్యాంకు మెట్లు దిగేవారు. ఆ తర్వాత ఒకరోజు బావ, "మారథాన్ ఈమధ్య అందరూ చేసేస్తున్నారురా," అన్నాడు. నాకు అప్పుడే భయమేసింది.

42.195 దాటి ఏ దూరమైనా అల్ట్రామారథానే. మామూలుగా 50 కిలోమీటర్లతో మొదలై 100 కిలోమీటర్లు, 100 మైళ్ళు అంటూ సాగుతుంది. బావ 50కి డబ్బు కట్టాడు. అక్టోబరు చివర, చిక్కమగళూరు కాఫీ తోటల్లో. కాఫీ తాగితే గుండెదడ అని పదేళ్ళ కిందట మానేసిన మనిషి.

24 వారాల పట్టిక ఒకటి ఫ్రిజ్ మీదికెక్కింది. అక్కడిదాకా ఉన్న పాల లెక్క, గ్యాసు బండ తేదీ ఎక్కడికి పోయాయో తెలీదు. పట్టికలో ముఖ్యమైన సూత్రం జంట పరుగు. శనివారం 30 కిలోమీటర్లు, ఆదివారం మళ్ళీ 20. అలిసిన కాళ్ళతోనే మర్నాడు పని చెయ్యడం కాళ్ళకి అలవాటు కావాలట. ఈ సూత్రం అక్క ఎప్పుడో కనిపెట్టింది. ఆవిడకి శనివారం చుట్టాలొస్తారు, ఆదివారం ఉండిపోతారు.

రెండో సూత్రం నిదానం. పక్కవాడితో కబుర్లు చెబుతూ పోగలిగినంత మెల్లగా పరుగెత్తాలి. ఆయాసంతో మాట తెగిందంటే వేగం ఎక్కువైనట్టు. ఇందులో బావది పుట్టుకతో వచ్చిన ప్రతిభ. పక్కన ఎవరూ లేకపోయినా మాట్లాడగలడు. మూడో సూత్రం మాత్రం బయట చెప్పడు, నేనే చెబుతున్నాను: ఎత్తు వస్తే నడవాలి. పెద్దపెద్ద అల్ట్రా వీరులు కూడా గుట్టలు నడిచే ఎక్కుతారు, శక్తి మిగులుతుందని. అంటే వేలు పోసి, నాలుగింటికి లేచి, మనిషి మళ్ళీ డాక్టరు మొదటిరోజు చెప్పిన దగ్గరికే చేరతాడు.

ఇక సరంజామా. వీపున నీళ్ళ సంచి, దాని గొట్టం భుజం మీదుగా నోటికి. అది తగిలించుకుని హాల్లోకి వచ్చిన మొదటిరోజు మా అత్తయ్య, అంటే బావ వాళ్ళమ్మ, "ఏట్రా, సెలైన్ పెట్టించుకుని రోడ్డు మీద తిరుగుతున్నావా?" అని గుండె పట్టుకుంది. తొడలు ఒరుసుకుపోకుండా పూసుకునే వాజలీను డబ్బా దేవుడి గూట్లో దొరికింది. ఎలా చేరిందో ఎవరూ ఒప్పుకోలేదు. అప్పడాల కర్ర మాయమైంది. పిక్కల మీద దొర్లించుకోవడానికి దానంత సాధనం లేదట. అక్క ఆ రోజు నుంచి అప్పడాలు కొనే తెస్తోంది. చెమటతో పోయే ఉప్పుకి బదులు ఉప్పు బిళ్ళలు కూడా ఉన్నాయి. గంటల తరబడి వట్టి నీళ్ళే తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికొస్తుందన్నది నిజమే. ఉప్పు మహిమ గురించి అరగంట ఉపన్యాసమిచ్చి, అదే చేత్తో, బీపీ అని అత్తయ్య అందుకోబోతున్న ఆవకాయ జాడీ పైఅటక మీద పెడతాడు.

ఇంత చేసే మనిషి వీధి చివర కొట్టుకి కరివేపాకు కోసం స్కూటరు మీద వెళ్తాడు. రెండు వందల మీటర్లు. "నడిచి వెళ్ళరాదా?" అని అక్క అడిగితే, చేతి గడియారం చూపించి, "ఇంకా 31 గంటలు విశ్రాంతి ఉందే," అంటాడు. ఆ గడియారం మా ఇంట్లో జాతకం స్థానం ఆక్రమించింది. పొద్దున్నే లేచి తను బాగా నిద్రపోయాడో లేదో దాన్ని చూసి తెలుసుకుంటాడు.

బంధువుల్లో మాత్రం పలుకుబడి పెరిగిందని చెప్పాలి. మన పెళ్ళి ముహూర్తాలు తెల్లవారుజాము మూడింటికీ మూడున్నరకీ ఉంటాయి కదా. అందరూ కుర్చీల్లో తలలు వాల్చేసే వేళ నిండు మెలకువతో కనిపించేది మా బావ ఒక్కడే. మొన్న వైశాఖంలో 3.40 ముహూర్తానికి నిక్కరులో, తలకి దీపం కట్టుకుని వచ్చాడు. సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకి గడియారం ఆపి, అక్షింతలు వేసి, మళ్ళీ గడియారం నొక్కి భీమిలి వైపు పోయాడు. వీడియోలో పెళ్ళికొడుకు మొహం కంటే బావ తలదీపమే బాగా పడింది.

ఇంత శ్రమలోనూ ఆయనకి దొరకనిది ఒక్కటే: వినేవాడు. అక్క వినదు, నేను వింటున్నట్టు ఉంటాను. నిజంగా వినేది అరవై ఎనిమిదేళ్ళ అత్తయ్య. సాయంత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూచుంటే బావ ఎదురుగా కాళ్ళు గోడకి పెట్టుకుని పడుకుని అల్ట్రా పురాణం విప్పుతాడు.

"అమ్మా, అమెరికాలో ఒకాయన. ఒక్కరోజులో 100 మైళ్ళు వెళ్ళే గుర్రప్పందెం అది. 1973లో ఆయన గుర్రం దారిలోనే కుంటిదైపోయింది. మరుసటేడు ఏం చేశాడో తెలుసా? గుర్రం లేకుండా తనే పరుగెత్తాడు! 23 గంటల 42 నిమిషాలు!"

"అలాగా. మరి ఆ గుర్రానికేటయ్యింది?"

బావకి తెలీదు. మర్నాడు దక్షిణాఫ్రికా తెచ్చాడు. 1921 నుంచీ జరుగుతున్న కామ్రేడ్స్ పరుగు, సుమారు 90 కిలోమీటర్లు, 12 గంటల గడువు. గడువు ముగిసే క్షణాన ఒకాయన తుపాకీ పేలుస్తాడు. ఒక్క సెకను ఆలస్యమైనా పతకం లేదు. అల్లంత దూరంలో వస్తున్నవాళ్ళు కనిపించకుండా, వాళ్ళకి వీపు తిప్పుకుని నిలబడి పేలుస్తాడు.

అత్తయ్య చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "అంతేలే, పాపం. ఎదురుగా చూస్తూ పేల్చమంటే చెయ్యి రావద్దూ?"

మూడోరోజు బావ బ్రహ్మాస్త్రం తీశాడు. ఆస్ట్రేలియాలో క్లిఫ్ యంగ్ అని ఒక బంగాళాదుంపల రైతు. 61 ఏళ్ళు. 1983లో సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ దాకా 875 కిలోమీటర్ల పందెంలో దిగాడు. కుర్రవాళ్ళంతా రాత్రి పడుకుంటే ఈయన కాళ్ళు నేలకి రాసుకుంటూ నడుస్తూనే ఉన్నాడు. ఐదు రోజుల 15 గంటల్లో అందరికంటే ముందు చేరాడు. చెబుతుంటే బావకే గొంతు పూడుకుపోయింది.

అత్తయ్య చేట పక్కన పెట్టి, చాలా సేపు ఆలోచించి అడిగింది. "బాగానే ఉంది గానీ నాన్నా, ఆ ఐదు రోజులూ బంగాళాదుంపలు ఎవరు తవ్వేరు?"

వంటింట్లోంచి అక్క నవ్వు వినిపించింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో అత్తగారి మాటకి ఆవిడ అంత మనసారా నవ్వడం నేను వినలేదు. కారణముంది. మాది లిఫ్టు లేని పాత అపార్టుమెంటు. మంచినీళ్ళ కుళాయి కింద, ఇల్లు మూడో అంతస్తులో. కుళాయి ఐదుంపావుకి వచ్చి ఆరుకి పోతుంది. బావ నాలుగున్నరకి పోయి ఎనిమిదికి వస్తాడు. ఈ రెండూ ఎన్నడూ ఎదురుపడలేదు.

ఇంతలో ఆషాఢం వచ్చింది. సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణ. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. పట్టికలో ఆ వారం సరిగ్గా 32 ఉంది. "అమ్మకి తోడుగా నేనూ వెళ్తాను. నా ట్రైనింగూ అయిపోతుంది," అని బావ నీళ్ళ సంచి, జెల్ పాకెట్లు, ఉప్పు బిళ్ళలు సర్దాడు. అత్తయ్య చేతిసంచిలో కొబ్బరికాయ, బెల్లం ముక్క, తువ్వాలు సర్దుకుంది. ఆవిడకిది పంతొమ్మిదోసారి.

తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టాక అత్తయ్య కొడుకు కాళ్ళ వైపు చూసింది. "అప్పన్న చుట్టూ బూట్లతో తిరుగుతావేట్రా?" అంతే. పద్నాలుగు వేల రూపాయల బూట్లు లేసులు ముడేసుకుని బావ మెడలోకి చేరాయి.

లక్షలాది జనం. పరుగు కాదు కదా, మోచెయ్యి ఆడించే చోటు లేదు. గడియారం రెండుసార్లు ఆయన ఆగిపోయాడనుకుని తనే ఆగిపోయింది. హనుమంతవాక దాటేసరికి బావ అరికాళ్ళు భగ్గుమన్నాయి. అప్పుఘర్ దగ్గర సముద్రంలో కాళ్ళు పెడితే ప్రాణం లేచొచ్చింది. దారి పొడుగునా ఎవరో పులిహోర పెడుతున్నారు, ఎవరో మజ్జిగ పోస్తున్నారు, ఎవరో కాళ్ళ మీద నీళ్ళు చల్లుతున్నారు. చిక్కమగళూరులో ఐదారు కిలోమీటర్లకో బల్ల ఉంటుందని డబ్బు కట్టిన మనిషి, ఇక్కడ వంద గజాలకో బల్ల చూసి జెల్ పాకెట్టు సిగ్గుపడి లోపల పెట్టేశాడు.

మాధవధార దగ్గర ఆయన కళ్ళు తల్లి కాళ్ళ మీద పడ్డాయట. చిన్న చిన్న అడుగులు, పాదం నేల విడవకుండా రాసుకుంటూ, ఒకటే లయ. "అమ్మా! నీది అచ్చం క్లిఫ్ యంగ్ నడకే! ఆ నడక చూసి పెద్దపెద్దవాళ్ళే నేర్చుకున్నారు!"

"నడకా పాడా. మోకాళ్ళు లేవట్లేదురా," అంది అత్తయ్య.

గోపాలపట్నం దగ్గర బావ వెనకబడ్డాడు. తెల్లారగట్ల కుంటుకుంటూ మళ్ళీ తొలి పావంచా దగ్గరికి చేరేసరికి అత్తయ్య అరగంట నుంచీ అక్కడే ఉంది. ఆ దక్షిణాఫ్రికా పెద్దమనిషిలా వీపు తిప్పుకుని కాదు. దారికి ఎదురుగా, వచ్చే ప్రతి మొహమూ వెతుకుతూ నిలబడింది. "వచ్చేవా," అని తువ్వాలు చేతికిచ్చింది.

ఇంటికొచ్చాక గడియారం 62 గంటలు విశ్రాంతి రాసింది. బావ సోఫాలో పడ్డాడు. అత్తయ్య కాళ్ళు కడుక్కుని, కాస్త కొబ్బరినూనె రాసుకుని, నానబెట్టిన మినప్పప్పు ఏమైందో చూడటానికి వంటింట్లోకి వెళ్ళింది.

బావ మారిపోయాడని రాస్తే కథ అందంగా ఉంటుంది గానీ, ఈ జాతి మారదు. రెండు రోజుల తర్వాత ఐదుంపావుకి మెట్ల మీద చప్పుడైతే తలుపు తీశాను. నీళ్ళ సంచి వీపున తగిలించుకుని, రెండు చేతుల్లో రెండు నిండు బిందెలతో బావ పైకొస్తున్నాడు. మెట్ల మీద నీళ్ళు, గుమ్మంలో నీళ్ళు, నిక్కరు మీద నీళ్ళు. బిందెలు దించి ముందు గడియారం నొక్కాడు. "ఒక్కో బిందె 15 కిలోలు. మూడంతస్తులు. ఆరు విడతలు. ఇంత చక్కటి కొండ ఇంట్లో పెట్టుకుని కైలాసగిరి దాకా ఎందుకు పోయానంటావు?"

ఫ్రిజ్ మీద పట్టికలో ఇంకా 14 వారాలున్నాయి. చివర పెన్సిలుతో కొత్త వరస ఒకటి గీసి ఉంది. పైన శీర్షిక: బంగాళాదుంపలు. కింద మంగళవారం నీళ్ళు, గురువారం బియ్యం బస్తా, ఆదివారం 20 కిలోమీటర్ల తర్వాత రైతుబజారు.

"దాన్నీ లెక్కలోకి తోసేశారు చూడండి అత్తయ్యా," అంది అక్క, తడిసిన గుమ్మం తుడుస్తూ.

"తోసుకోనీ. నీళ్ళయితే పైకొచ్చేయి కదా," అంది అత్తయ్య. ఆ తర్వాత గొంతు తగ్గించి నన్ను పిలిచింది. "బాబూ, ఆ అటక ఎంతెత్తు ఉంటాదో మీ బావని కొలవమను. జాడీ కిందకి దించితే ఎన్ని మార్కులొస్తాయో అడుగు."