ఆంధ్రా ప్యారిస్ బాబాయ్

ప్రతి చిన్న టౌనులోనూ ఒక బాబాయ్ ఉంటాడు. ఊరు ఊరిలాగే ఉంటే ఆయనకి నిద్రపట్టదు. దానికి ఇంకో ఊరి పేరు తగిలించాలి. లంబసింగిలో పుట్టుంటే ‘ఆంధ్రా కశ్మీర్’ అంటాడు. గండికోట దగ్గరైతే ‘ఇండియా గ్రాండ్ కాన్యన్’, కాకినాడైతే ‘రెండో మద్రాసు’. ఆదోని వాళ్ళదీ రెండో బొంబాయే, ప్రొద్దుటూరు వాళ్ళదీ రెండో బొంబాయే. మూడోది అనిపించుకోడానికి ఇద్దరూ ఒప్పుకోరు. ఈలోగా అసలు బొంబాయి 1995లో ముంబయి అయింది, మరుసటేడు మద్రాసు చెన్నై అయి కూర్చుంది. ఈ కబురు బాబాయిలకి ఇంకా చేరినట్టు లేదు.

వీళ్ళలో తెనాలి బాబాయ్ అదృష్టవంతుడు. ఆయన కొత్తగా పేరు వెతుక్కోనక్కర్లేదు. ఊరి మధ్య మూడు కాలవలు పారుతాయి, నాటకాలకీ సినిమావాళ్ళకీ పుట్టిల్లు, కాబట్టి తాతల నాటి నుంచీ అది ఆంధ్రా ప్యారిస్సే. టెలిఫోన్స్‌లో రిటైరైన బాబాయ్ ఆ పేరుని దులిపి మళ్ళీ వాడకంలోకి తేవాలని కంకణం కట్టుకున్నాడు. “వాళ్ళకి ఒక్క నది. మనకి మూడు కాలవలు. లెక్క ప్రకారం ప్యారిస్‌నే ఫ్రెంచి తెనాలి అనాలి” అంటాడు.

చిక్కల్లా ఒక్కటే. ఎండాకాలం డెల్టా కాలవలు కట్టేస్తారు. సెలవులకి చుట్టాలు దిగే వేళకి ప్యారిస్ అడుగు కనిపిస్తుంటుంది.

బాబాయ్ ఫోన్ నిండా ప్రపంచమే. చైనాలో ఝోంగ్‌దియన్ అనే కొండ ప్రాంతానికి 2001లో షాంగ్రిలా అని పేరు మార్చారు. అది 1933లో వచ్చిన ఓ ఇంగ్లీషు నవల్లోని కల్పిత ప్రదేశం. ఆ పేరు పెట్టుకున్నాక యాత్రికులు ఎగబడ్డారు. “లేని ఊరి పేరు పెట్టుకుంటేనే అంత జనమా! మనది ఉన్న ప్యారిస్ కదా!” అని ఆయన వాదన. ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళు మ్యూజియం ముందు నిలువెత్తుకు మించిన అక్షరాలతో ‘ఐ ఆమ్‌స్టర్‌డామ్’ అని పెట్టి, సెల్ఫీల జనం మితిమీరిపోయిందని 2018లో తీయించేశారని చదివిన రోజు ఆయన కాగితం తీసి లెక్కేశాడు. తెనాలిని ఇంగ్లీషులో రాయడానికి కావలసిన ఆరు అక్షరాల్లో నాలుగు అందులోనే ఉన్నాయి. ఎన్నూ, ఎల్లూ చేయించుకుంటే చాలు.

అక్షరాల సంగతి తేలేలోపు ఫ్లెక్సీ వేయిద్దామనుకున్నాడు. ‘ఆంధ్రా ప్యారిస్‌కు సుస్వాగతం’. కుడివైపు రణరంగ్ చౌక్. 1942 ఆగస్టు 12న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయినవాళ్ళ స్మారకం అది. ఎడమవైపు ఊళ్ళో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు. కింద పక్కనే బుర్రిపాలెం కాబట్టి సూపర్‌స్టార్ కృష్ణ. ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత చందాలిచ్చినవాళ్ళ పాస్‌పోర్టు ఫొటోలు రావడం మొదలైంది. చందా ఇస్తామన్నవాళ్ళవి కూడా వచ్చాయి. నల్ల కళ్ళద్దాలవాడొకడు, చేతులు జోడించినవాడొకడు, ఫోన్ చెవిదగ్గర పెట్టుకున్నవాడొకడు. డిజైన్ చేసే కుర్రాడు మౌసు మీద చెయ్యి తీసి అడిగాడు:

“బాబాయ్ గారూ, అందరూ వచ్చేశారు. ఊరెక్కడ పెట్టమంటారు?”

ఇంట్లో పిన్ని ధోరణి వేరు. “వచ్చినవాళ్ళు బాత్రూం ఎక్కడండీ అంటే ఏ కాలవ చూపిస్తారు?” అంటుంది. పోచంపల్లికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తింపునిచ్చిందని ఆయన పేపరు చదివి వినిపిస్తే, కట్టుకున్న ఇక్కత్ చీర కొంగు సర్దుకుంటూ, “వాళ్ళు ఏ ప్యారిస్సని రాసుకున్నారట?” అంది. నిజమే. పేరుకి ముందు వాళ్ళు చేర్చుకున్న ఒకే ఒక్క మాట ‘భూదాన్’. ఆ ఉద్యమం 1951లో వాళ్ళ ఊళ్ళోనే పుట్టింది. బాబాయ్ పేపరు మడిచి, అది చేనేత శాఖ విషయమన్నాడు.

మే నెలలో అమెరికా మేనల్లుడు దిగాడు. బాబాయ్ స్కూటరెక్కించి ఎండిన కాలవగట్లు మూడూ తిప్పాడు. కొంగలున్నాయి. మూడో గట్టు దాటాక కుర్రాడు ఒక రేకుల షెడ్డు ముందు ఆపమన్నాడు. లోపల ఇనుప తుక్కుతో విగ్రహం లేస్తోంది. సైకిల్ గొలుసులు జూలయ్యాయి, గేరు చక్రాలు భుజమయ్యాయి, రెండు బేరింగులు కళ్ళయి గుర్రం ఇటే చూస్తోంది. వెల్డింగు మెరుపులు ఆగినప్పుడల్లా కుర్రాడు దగ్గరికెళ్ళి ఏ నట్టు ఏ బండిదో అడుగుతున్నాడు. రెండు గంటలైనా కదల్లేదు.

“అదంతా తుక్కురా! పద, రైల్వేస్టేషన్ పక్కనుంచి చూస్తే అచ్చం ప్యారిస్సే” అని బాబాయ్ వాచీ చూసుకున్నాడు.

“ఉండు మావయ్యా, తోక ఇంకా అతకలేదు.”

వాణ్ణి రైలెక్కించడానికి వెళ్ళిన రాత్రి, ముందుగా ఎదురు ప్లాట్‌ఫారం మీద ఇంకో బండి ఆగింది. స్లీపర్ కిటికీలోంచి నిద్రమొహం ఒకటి బయటికొచ్చింది.

“ఏవండీ, ఇదే ఊరు?”

బాబాయ్ ఇటు ప్లాట్‌ఫారం అంచు దాకా వచ్చి, అటు వినపడేలా, “ఆంధ్రా ప్యారిస్ అండీ!” అన్నాడు.

“ఓహో” అని ఆయన మళ్ళీ వెనక్కి వాలాడు. బండి కదిలింది. నాలుగు పెట్టెలు దాటాక పసుపు బోర్డు కిటికీకి ఎదురైనట్టుంది, తలుపు దగ్గరికి సూట్‌కేసు లాక్కొస్తూ ఎవరో కేకలేస్తున్నారు.