ఎడమ గొట్టం

నాకు కట్టిన చీటీ మీద పేరు లేదు, నంబరుంది. నా పక్కన ఎవరిదో సైకిలు చైను, రెండు సారా డబ్బాలు, మూత లేని ఒక ప్రెషర్ కుక్కరు. ఆ కుక్కరు ఏ కేసులో ఇరుక్కుందో ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు. పోలీసు ఠాణా మాల్‌ఖానాలో ఒకరి సంగతి ఒకరు అడగరు లెండి.

నేను పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకిని. బర్మింగ్‌హామ్‌లో పుట్టాను. నన్నెలా చేశారో చెప్పబోతే మీకు ఆవలింతలొస్తాయి. వాల్‌నట్ చెక్క, నీలంగా మెరిసే ఉక్కు, గొట్టాల కింద పరీక్ష ముద్ర అంటే చాలు. 1938లో మద్రాసు మౌంట్ రోడ్డు దుకాణంలో కర్నూలు వైపు జమీందారు ఒకాయన నన్ను కొన్నాడు. ఆయన్ని పెద్దాయన అంటాను.

‘పన్నెండు’ ఏమిటని తర్వాత జూబ్లీహిల్స్‌లో చాలామంది అడిగారు. పన్నెండు తూటాలు పడతాయని ఒక సహాయ దర్శకుడు పందెం కూడా కాశాడు. నాలో పడేవి రెండే. ఒక పౌను సీసాన్ని కరిగించి పన్నెండు సమానమైన గుండ్లు పోస్తే, అందులో ఒకటి నా గొట్టంలో సరిగ్గా పడుతుంది. వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. అదీ లెక్క.

నా గొట్టం లోపల నున్నన. రైఫిల్‌కుండే మెలి గాడులు నాకు లేవు. అసలు నేను పిట్టల తుపాకిని. కౌజులకీ అడవికోళ్ళకీ సన్న రవ్వలు చాలు. కణుజుకీ దుప్పికీ మాత్రం ఒంటి గుండు వెయ్యాలి. జర్మనీలో బ్రెనెకె అనే ఆయన 1898లోనే ముందు బరువు, వెనక తేలికగా ఉండే గుండు చేశాడట. అది షటిల్ కాక్ లాగా ముక్కు ముందుకే పెట్టి పోతుంది. మా ఇంటికి అవి రాలేదు. మావి గోలీల్లాంటి గుండ్రటి సీసపు గుండ్లు. యాభై గజాల దాకా నా పూచీ, ఆపైన దైవాధీనం.

పెద్దాయనకి ఆ సంగతి తెలుసు. నా ఎడమ గొట్టం మూతి దగ్గర కాస్త బిగువు, దాన్నే చోక్ అంటారు. దూరం పోయే రవ్వలు చెదరకుండా పట్టి ఉంచడానికది. గుండ్రటి గుండు ఆ బిగువులో ఇరుక్కుంటే గొట్టం దెబ్బతింటుంది. అందుకని ఆయన గుండు వేస్తే కుడి గొట్టంలోనే వేసేవాడు. జంతువు చెవి కదలిక కనిపించేంత దగ్గరికి పోతే తప్ప మీట నొక్కేవాడు కాదు. పేల్చకుండా ఇంటికొచ్చిన రోజులే ఎక్కువ. వచ్చాక పంచె పైకి కట్టి, గుడ్డ తడిపి, గొట్టాల్లో నూనె పట్టించేవాడు. ఆ నూనె వాసన తలచుకుంటే ఇప్పటికీ నా చెక్క బిగుసుకుంటుంది.

1968 వేసవిలో ఆయన కొడుకు, చిన్నదొర, నన్ను బైర్లూటి దగ్గర నల్లమలలోకి తీసుకుపోయాడు. వెంట దారి చూపే చెంచు ముసలాయన ఉన్నాడు. పొద్దు వాలుతోంది. వాగు మడుగు దగ్గరికి కణుజు వచ్చింది. పెద్ద కొమ్ములు, మెడ కింద జూలు. ముందుకాలు ఒకసారి నేలకేసి కొట్టింది. అనుమానం వచ్చిందన్నమాట.

‘ఈణ్నుంచి ఒద్దు దొరా. శానా దూరం. ఇంగా దగ్గరికి పోవాల’ అన్నాడు ముసలాయన.

నూరు గజాలకి పైమాటే. చిన్నదొర రెండు గొట్టాల్లోనూ గుండ్లు దూర్చాడు. కుడి గొట్టం గురి తప్పింది. ఆ కంగారులో ఎడమది నొక్కాడు. ఆ బిగువులో సీసం ఎలా నలిగిందో నాకు తెలుసు. మూతికి జానెడు వెనక నా ఒళ్ళు ఉబ్బింది. గుండు పోయి కణుజు కడుపులో తగిలింది.

అది పడలేదు, పరిగెత్తింది. చీకటి పడేదాకా ముసలాయన ఆకుల మీద నెత్తురు చుక్కలు వెతికాడు. మర్నాడు ఒక వెదురు పొద కింద దొరికింది. అప్పటికే రేచుకుక్కలు వెనక భాగం తిన్నాయి. తల మిగిలింది. దాన్ని మైసూరు పంపి, పదును చేయించి, చెక్కకి బిగించి తెచ్చారు. ‘ఒక్క దెబ్బకి కూలింది’ అని చిన్నదొర చెప్పడం ఆనాటి నుంచే మొదలు. ఉబ్బు చూసి పెద్దాయన మాట్లాడలేదు, వేలితో ఒకసారి తడిమాడు. మళ్ళీ నన్ను పట్టుకోలేదు.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు వేటలు కూడా పోయాయి. నేను పేలిన ఆ అడవి 1983లోనే పులుల రిజర్వు అయింది. నిజాం వేటాడిన వనస్థలిపురం గుట్టలు 1975లో కృష్ణజింకల పార్కయ్యాయి. పని పోయిందని నేను ఏడ్వలేదు. నూరు గజాల నుంచి పేల్చేవాళ్ళ చేతిలో ఆ పని ఉండి ఎవరికి లాభం?

చిన్నదొర సినిమా నిర్మాత అయ్యాడు. అన్నపూర్ణ స్టూడియో 1976లో బంజారాహిల్స్ రాళ్ళ మధ్య తెరుచుకున్నాక మద్రాసు నుంచి ఒక్కొక్కరే ఇటు దారి పట్టారు. ఈయన కూడా జూబ్లీహిల్స్‌లో ఫిల్మ్‌నగర్ కనిపించేలా ఇల్లు కట్టాడు. కణుజు తల కింద, హాల్లో మేకుకి నన్ను వేలాడదీశాడు. కథ వినడానికొచ్చిన ప్రతి హీరో నన్ను పట్టుకుని ఫోటో దిగాడు. నూనె పెట్టినవాడు లేడు. నవాబుల్లా నిలబడడం మాత్రం అందరికీ వచ్చు. తెల్లవారుజామున కేబీఆర్ పార్కు వైపు నుంచి నెమళ్ళ అరుపులు వినిపించేవి. అది 1998లో జాతీయ పార్కయింది. ఆ అరుపులే నాకు మిగిలిన అడవి.

ఒకసారి షూటింగుకి పట్టుకెళ్ళారు. లైసెన్సు ఒకరిదైతే తుపాకి ఇంకొకరి చేతిలో ఉండడం నేరమని యూనిట్లో ఎవరికీ తోచలేదు. కెమెరాలో మెరుస్తున్నానని నాకు నల్లరంగు పూశారు. హీరో మళ్ళీ నింపకుండా ఏడుసార్లు పేల్చాడు. ఏడుగురు పడ్డారు. నా వల్ల కాదు, డబ్బింగు థియేటర్లో శబ్దాలు వేసినాయన వల్ల. తర్వాత నా కొలతలతో ఫైబరు డమ్మీ చేయించారు. దానికి వెల్వెట్ పెట్టె! నాకు మేకు! ఇప్పుడు తెర మీద జింక పరిగెడితే మూలన ‘సీజీ’ అని చిన్న అక్షరాలు పడుతున్నాయి. తుపాకి మూతిలో మంట కూడా సీజీయే. జింకా నేనూ లేకుండానే వేట సాగిపోతోంది.

మనవడు ఇల్లినాయ్‌లో ఉంటాడు. ఒకనాడు వీడియో కాల్‌లో నన్ను చూసి, ‘తాతా, ఇక్కడ జింకల సీజన్లో ఇలాంటివే వాడతారు’ అన్నాడు. నిజమే. ఆ చదును నేలల మీద రైఫిల్ గుండు చాలా దూరం పోతుందని, జింక వేటకి అక్కడ చాలా ఏళ్ళు షాట్‌గన్ గుండునే అనుమతించారు. దూరం పోదన్న నా లోపమే వాళ్ళకి గుణమైంది. తాతకి ఆ మాట పట్టలేదు. ‘ఒక్క దెబ్బకి కూలింది’ మళ్ళీ మొదలుపెట్టాడు. గోడ మీద ఆ తల, దాని కింద నేను విన్నాం.

2023 అక్టోబర్లో ఎన్నికల కోడ్ వచ్చింది. లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పగించమన్నారు. ప్రతి ఎన్నికకీ అలవాటే, రసీదు రాసి తీసుకుంటారు, అయ్యాక ఇస్తారు. ఈసారి ఓట్ల లెక్కింపు నాటికి చిన్నదొర లేడు. వారసుడికి నేను కావాలంటే సొంతంగా లైసెన్సు తెచ్చుకోవాలి. ఎవరూ అడగకపోతే నేను సర్కారు పరం. మనవడు ఒకసారి ఫోన్ చేసి అడిగాడట, ఏవేవో కాగితాలు కావాలన్నారట. మళ్ళీ చెయ్యలేదు. ఆ ఫైబరు డమ్మీని మాత్రం గుర్తు కోసం తీసుకెళ్ళాడని విన్నాను.

తుప్పు ముందు ఉబ్బు దగ్గరే పట్టింది. వచ్చే వేసవికి రెండో గొట్టానికి కూడా పాకుతుంది. బాబూ, రాదల్చుకుంటే ఈలోపు రా, వస్తూ కాస్త నూనె తీసుకురా. రాలేనంటే వీళ్ళకి ఒక ఉత్తరం రాసెయ్యి. కోసి పారెయ్యమను, నాకేం అభ్యంతరం లేదు. ఎడమ గొట్టంతో మొదలుపెట్టమను, మూతికి జానెడు వెనక. అక్కడ ఉక్కు పల్చగా ఉంటుంది.