భుజాలు దులుపుకున్న 26 మంది

మొత్తానికి చీకటి విడిపోయింది. 26 ఆన్‌లైన్ కంపెనీలు ‘కొనేవాళ్లని ఏమార్చే డార్క్ ప్యాటర్న్‌లు మా దగ్గర లేవు’ అని కేంద్రానికి ఉత్తరాలు రాసిచ్చాయి. తనిఖీ చేసిందెవరు? వాళ్లే. ఎవరిని? వాళ్లనే. కింద సంతకం? పక్కింటివాళ్లు పెడతారా ఏమిటి! వినియోగదారుల శాఖ ఆ ఉత్తరాలు భద్రంగా అందుకుని, మిగతా కంపెనీలు కూడా వీళ్ల దారిలో నడవాలని ముచ్చటపడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం పాతకాలపు అమాయకత్వం. ఇప్పుడు ముందే శుభ్రంగా దులుపుకుని, భుజం మీద బూడిద లేదని లెటర్‌హెడ్ మీద రాసిస్తున్నారు.

మా వీధి పాలాయన చేత కూడా ఇలాంటిదొకటి రాయించుకుందామనుకున్నాను. ఆయనకి చేతకాలేదు. ‘నీళ్లు కొద్దిగా పడ్డాయండీ, ఎండాకాలం కదా’ అని నవ్వేశాడు. అందుకే ఆయన ఇంకా సైకిల్ మీదే తిరుగుతున్నాడు.

ఈ డార్క్ ప్యాటర్న్‌ల మీద 2023 నవంబర్ 30న కేంద్రం తెచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాల మాయలున్నాయి. ఎవరో పుణ్యాత్ములు కూర్చుని ఓపిగ్గా రాశారు. ఆ పదమూడింటిలో నా మనసు దోచుకున్నది ‘కన్ఫర్మ్ షేమింగ్’. అంటే సిగ్గుపెట్టి ఒప్పించడం. మిగతా పన్నెండూ జేబు జోలికి మాత్రమే వస్తాయి. ఇది మర్యాద జోలికి వస్తుంది.

మొన్న విజయవాడ నుంచి హైదరాబాద్‌కి బస్సు టికెట్ తీసుకుంటున్నాను. ఇన్సూరెన్స్ కావాలా అని యాప్ అడిగింది. కావాలి అనే బటన్ ఆకుపచ్చగా, అరచేయంత ఉంది. వద్దు అనేది దాని కింద బూడిదరంగులో నక్కి ఉంది. అదీ ‘వద్దు’ అని లేదు. ‘నా ప్రయాణానికి రక్షణ లేకపోయినా పర్లేదు’ అని ఉంది. రాత్రి పదకొండింటికి బస్సెక్కబోయే మనిషి నోట పలికించాల్సిన మాటేనా ఇది? బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితేనే కాసేపు కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి పంపే కొంప మాది. అలాంటిది నా అపశకునం నేనే పలికి, దానికి నేనే డబ్బు కట్టి, సీటు బుక్ చేసుకోవాలి. పౌరుషానికి పోయి నొక్కాను. సూర్యాపేట దాటేదాకా కన్ను మూతపడితే ఒట్టు.

తమాషా ఏమిటంటే, అచ్చం ఇదే ఉదాహరణ మార్గదర్శకాల్లో ఉంది. అక్కడ విమానం టికెట్టు, ఇక్కడ బస్సు టికెట్టు, అంతే తేడా. ఆ పక్కనే ఇంకొకటుంది: బుట్టలో మనకి చెప్పకుండా విరాళం వేసి, తీసేస్తానంటే ‘దానాలు డబ్బున్నవాళ్లకి, నాకేం పట్టదు’ అనే అర్థం వచ్చే మాట మన చేత అనిపించడం. ప్రభుత్వం చెయ్యొద్దని రాసిన కాగితాన్నే ఈ యాప్‌లవాళ్లు నమూనా కింద పెట్టుకుని డిజైన్ చేసుకున్నారేమో అని నా అనుమానం.

అసలే తెలుగువాడికి వద్దనడం రాదు. పెళ్లి పంక్తిలో విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టినా, వేళ్ల సందులోంచి బూరె జారవిడిచేవాళ్ల మధ్య పెరిగాం. కానీ ఎంత మొండి వడ్డనగాడైనా ‘నాకు పెళ్లికూతురంటే గిట్టదు’ అని చెప్తేనే బూరె వెనక్కి తీసుకుంటానని ఏనాడూ అనలేదు. పైగా ఆ బూరెకి జీఎస్టీ లేదు.

ఇంకో బట్టల యాప్‌లో మెంబర్‌షిప్ వద్దంటే నేను నొక్కాల్సిన మాట ‘నాకు ఎక్కువ ధర పెట్టి కొనడమే ఇష్టం’. ఆ మాట మా ఆవిడ కళ్లబడింది. ఆ తర్వాత జరిగిన చర్చకి ఏ హెల్ప్‌లైనూ లేదు.

మిగతా మాయల గురించి చెప్పడానికేముంది! చిల్లర లేదని చేతిలో చాక్లెట్ పెట్టే కిరాణా కొట్టాయన వీళ్లకి ఆదిగురువు. కాకపోతే ఆ చాక్లెట్ చప్పరించేవాళ్లం, ఈ హ్యాండ్లింగ్ ఛార్జీని ఏం చేసుకోవాలి? 2023లో 2 రూపాయలతో చంటిపిల్లలా ఇంట్లోకొచ్చిన ఫుడ్ యాప్‌ల ప్లాట్‌ఫాం ఫీజు పది దాటి ఎదిగింది. ‘ఒక్కటే మిగిలింది, త్వరపడండి’ అని నెలరోజులుగా నన్ను తొందరపెడుతున్న కుక్కరు ఇవాళ పొద్దున కూడా ఒక్కటే మిగిలి ఉంది.

తెనాలిలో మా పెద్దమ్మకి 74 ఏళ్లు. విష్ణు సహస్రనామం వినడానికి ఫోన్‌లో ఓ యాప్ వేయించుకుంది. ట్రయల్ రూపాయి. రూపాయే కదా అని పిన్ కొట్టింది. ఆ పిన్‌తో రూపాయి ఒక్కటే కాదు, ప్రతి నెలా 299 కోసుకోవడానికి అనుమతి కూడా ఇచ్చేసింది. ఏడు నెలలు కోశారు. పెదనాన్న పోయాక వచ్చే పెన్షన్ ఖాతాలోంచి, 2,093 రూపాయలు. నిబంధన ప్రకారం అంతా సవ్యంగానే జరిగింది. ఇలాంటి ఆటోపేకి 15,000 దాకా మళ్లీ పిన్ అడగనక్కర్లేదు, 24 గంటల ముందు మెసేజ్ పంపితే చాలు. పంపారు. ఇంగ్లీషులో పంపారు.

ఇక్కడ నాకు వేళాకోళం రాదు. ఇది దొంగతనం. ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాణ్ణి దొంగంటాం, 1930కి ఫోన్ చేస్తాం, వాడు దొరికితే మొహానికి ముసుగేసి టీవీలో చూపిస్తారు. ముసలావిడకి రూపాయిని గుమ్మడికాయంత చూపించి, 299ని ఆవగింజంత చేసి అట్టడుగున పెట్టినవాడు ఎవరు? ఆ అంకె ఎంత చిన్నదైతే ఎంతమంది కళ్లు దాటిపోతుందో వాడు లెక్క కట్టాడు. పొరపాటున కాదు, జీతం తీసుకుని కట్టాడు. వాడికీ ఎక్కడో ఓ పెద్దమ్మ ఉండే ఉంటుంది. ఆవిడ చూసుకోలేదని మళ్లీ ఆవిడనే అంటారు. లింకు నొక్కితే జాగ్రత్త, ఫోనెత్తితే జాగ్రత్త అని కాలర్ ట్యూన్‌లో నెలల తరబడి మన చెవులు మెలేశారు. జాగ్రత్తంతా మన వంతు, నిజాయితీ పత్రాలన్నీ వాళ్ల వంతు!

అమెరికాలో అమెజాన్ ప్రైమ్ వదిలించుకోవాలంటే 4 పేజీలు, 6 క్లిక్కులు, 15 ఆప్షన్లు దాటాలని అక్కడి వాణిజ్య కమిషన్ కోర్టులో ఆరోపించింది. ఆ దారికి కంపెనీలో వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు గ్రీకుల యుద్ధకావ్యం ‘ఇలియడ్’. మనవాళ్లయితే పద్మవ్యూహం అని పెట్టుకునేవారు. తప్పు ఒప్పుకోకుండానే అమెజాన్ 2025 సెప్టెంబర్‌లో 250 కోట్ల డాలర్లకి రాజీపడింది. అక్కడ ఉత్తరం రాసిస్తే సరిపోలేదు మరి.

పోయిన ఆదివారం తెనాలి వెళ్లాను. యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉంటుంది, అందులోకి వెళ్లి రద్దు చేస్తే రెండు నిమిషాల పని. ఆ ఇంగితం లేక, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసిన ఊపులో నేరుగా ఆ భక్తి యాప్‌లోనే సబ్‌స్క్రిప్షన్ తీసెయ్యబోయాను. మూడు పేజీలు దాటాక చిన్నికృష్ణుడి బొమ్మ వచ్చింది, కళ్లనిండా నీళ్లతో. ‘మమ్మల్ని వదిలి వెళ్లిపోతున్నారా?’ అని పైన. ఆకుపచ్చ బటన్‌లో ‘లేదు, ఉంటాను’. కింద బూడిదరంగులో ‘నాకు స్వామి దీవెనలు అక్కర్లేదు’.

వేలు పెట్టబోతుంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని లాగేసింది.

“ఒరేయ్ నాన్నా, పోతే పోయింది మూడొందలు. అది మాత్రం నొక్కకురా!”