చెఱిపివేయబడిన గ్రంథపు ఆత్మకథ

నన్ను జూడవచ్చినవారు మొట్టమొదట నా వెల నడుగుదురు. పిదప వయస్సు నడుగుదురు. నాలో నేమి వ్రాసియున్నదని యడుగువారు మిక్కిలి యరుదు. వెల చెప్పుట సులభము: 1998 అక్టోబరు 29వ తేదీన న్యూయార్కు నగరమున వేలము వేయగా, పేరు చెప్పుట కిష్టపడని యొక ధనికుడు ఇరువది లక్షల డాలర్లకు నన్ను గొనెను. వయస్సు చెప్పుటయే చిక్కు. నా దేహము క్రీస్తుశకము పదవ శతాబ్దమున కాన్‌స్టాంటినోపిల్ నగరమున సిద్ధమైనది. దానిపై వ్రాయబడిన మాటలు మాత్రము అంతకు సుమారు పండ్రెండు వందల యేండ్లకు పూర్వమే సిసిలీ ద్వీపమునందలి సిరక్యూస్ పట్టణమున నొక మేధావి మనస్సున నుదయించినవి. ఆయన ఆర్కిమిడీస్. స్నానశాలనుండి దిగంబరుడై వీధిని బరుగెత్తిన కథవలన లోకమాయన నెఱుగును. ఆ కథ నాలో లేదు. నాలో నున్నది ఆయన గణితము.

అన్నభేదియు మాచకాయయు గలిపి కాచిన సిరాతో, పలుచగా సాపుచేసిన నా చర్మపత్రములపై, పేరు తెలియని లేఖకుడొకడు ఆయన గ్రంథముల నేడింటిని వ్రాసెను. వానిలో నొకటి వృత్తమును గూర్చినది. తొంబదియాఱు భుజముల బహుభుజులతో వృత్తమును లోపలను వెలుపలను బంధించి, పరిధి వ్యాసమునకు మూడు మీద ఏడవవంతు రెట్లకంటె తక్కువయనియు, మూడు మీద డెబ్బదియొకటింట పదివంతుల రెట్లకంటె ఎక్కువయనియు ఆయన అందు నిరూపించెను. మన ఆర్యభటుని 3.1416 అంతకంటె సూక్ష్మమైనదే. ఐనను నేడు తెలుగునాట ఏ బడిలోనైన బాలుడు పలకపై వేయునది ఇరువదిరెండు బై ఏడే గదా, అది ఆర్కిమిడీస్ గీచిన పై హద్దు. మఱియొక చిన్న గ్రంథము పదునాలుగు ముక్కలను పేర్చి చతురస్రము చేయు ఆటను గూర్చినది. ఆ ముక్కలను 17,152 విధముల పేర్పవచ్చునని ఈ శతాబ్దపు గణకయంత్రములు లెక్కించి చెప్పినవి.

నాకు సోదరులిద్దఱుండిరి. ఒకని జాడ 1311 తరువాత లేదు. రెండవవాడు పదునాఱవ శతాబ్దమున మాయమయ్యెను. పోవుటకు ముందు వారు తమ విద్యను లోకమున కప్పగించిరి: వారినుండి 1269లో లాటిను అనువాదము వెలసెను, వారి ప్రతులకు ప్రతులు పుట్టెను, 1544లో బాజెల్ నగరమున ఆర్కిమిడీస్ గ్రంథములు గ్రీకుమూలముతో నచ్చుపడెను, గెలీలియో వంటివాడు ఆయనను గురువుగా భావించి చదివెను. కాని నాయొద్ద నున్న యొక గ్రంథము వారియొద్ద లేదు.

దాని పేరు ‘మార్గము’. నిజమున కది యొక జాబు. అలెగ్జాండ్రియా గ్రంథాలయాధికారియైన ఎరటోస్తనీసునకు వ్రాసినది. ఇతర గ్రంథములలో ఆర్కిమిడీస్ సిద్ధాంతమును జెప్పి, వేలు దూరుటకైన సందులేని ఉపపత్తిని జూపి, ఊరకుండును. ఆ సిద్ధాంతము మొదట తనకెట్లు తోచినదో చెప్పడు. ఈ జాబులో మాత్రము చెప్పెను. గోళపు ఘనపరిమాణము తెలియవలెనన్నచో, గోళమును, ఒక శంకువును, ఒక స్థూపమును ఒకే అక్షముపై నిలిపి, మందమే లేని పొరలుగా అడ్డముగా గోయవలెను. గోళపు పొరను, శంకువు పొరను త్రాసుకాడ యొక్క యొక కొనకు వ్రేలాడదీసినచో, ఎదుటి ప్రక్క స్థూపపు పొర తానున్న చోటనే యుండి వానితో సరితూగును. పొరపొరకు నిట్లే యగునుగాన మొత్తమునకు మొత్తము సరితూగవలెను. శంకువు స్థూపమున మూడవవంతని అప్పటికే తెలిసినదే; మిగిలినది కూడికయు తీసివేతయు. గోళము తన్ను సరిగా బట్టియున్న స్థూపములో మూడింట రెండు వంతులని తేలును. ఇట్లు తూచి తెలిసికొనుట ఉపపత్తి కాదని ఆయనయే హెచ్చరించును. ఐనను ఫలితము ముందుగా తెలిసినచో ఉపపత్తిని వెదకుట సులువనియు, తనకు తోచని సిద్ధాంతములను ఈ మార్గమున ముందుతరములవారు కనుగొందురనియు నాశించెను. శంకువు విషయమును నిరూపించినవాడు యూడాక్ససే యైనను, నిరూపణము లేకయే ఆ మాటను ముందుగా బలికిన డెమోక్రిటసునకును కీర్తిలో భాగమీయవలెనని వ్రాసెను. పండితులలో నిట్టి యౌదార్యము ఏ కాలమునను చౌక కాదు.

1204లో క్రూసేడు సైనికులు కాన్‌స్టాంటినోపిలును కొల్లగొట్టిరి. తరువాత 1229లో నేనొక యాజకుని చేత బడితిని. ఆయన నన్ను విప్పి, అక్షరములను గడిగి, గీచి, పత్రములను నడుమకు గోసి, అడ్డముగా ద్రిప్పి మడచి, వానిపై ప్రార్థనలను వ్రాసి, ఏప్రిల్ 14వ తేదీన పని ముగించెను. నాటినుండి నాలో దేవుని స్తుతి ఎడమనుండి కుడికిని, దాని క్రింద ఆర్కిమిడీస్ వాక్యము పైనుండి క్రిందికిని నడచుచున్నవి. మడత పడినచోటి పంక్తులు కుట్టులో దాగినవి. ఆ యాజకుని దిట్టువారు పెక్కండ్రు. నేను దిట్టను. ప్రార్థనాగ్రంథమును నిత్యము విప్పుదురు, ముద్దుపెట్టుకొందురు, అగ్నినుండియు దొంగలనుండియు గాపాడుదురు. చదువువారు లేని గణితమును గాపాడువారెవరు? నా సోదరులను ఎవరును గీచివేయలేదు. వారేరి?

పదునేడవ శతాబ్దమున ఆర్కిమిడీస్ తన శోధనమార్గమును బుద్ధిపూర్వకముగా మఱుగుపఱచెనని ఆంగ్లగణితజ్ఞుడు జాన్ వాలిస్ నిష్ఠూరమాడెను. ఆయన దాచలేదు, స్నేహితునకు జాబు వ్రాసి పంపెను. చిరకాలము నేను జెరూసలేమునకు సమీపమున ఎడారిలోని సెయింట్ సాబా మఠమున ప్రార్థనలు వినిపించుచుంటిని; ఆ జాబు నా కడుపులోనే యుండెను. న్యూటను, లైబ్నిట్జు దాని నెఱుగకయే కలనగణితమును నిర్మించిరి.

పందొమ్మిదవ శతాబ్దమున నేను మఱల పుట్టినయూరు చేరితిని. అక్కడ నన్ను జూడవచ్చిన యొక విద్వాంసుడు నాలోని పత్రమొకటి వెంట దీసికొనిపోయెను. అది నేడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయమున నున్నది. 1899లో నచ్చైన యొక పట్టికలో నా అడుగుపొరనుండి కొన్ని పంక్తులుదాహరింపబడగా, కోపెన్‌హేగన్ పండితుడు హైబర్గ్ అవి ఆర్కిమిడీసువని గుర్తించి 1906లో నాయొద్దకు వచ్చెను. భూతద్దము చేతబట్టి, ప్రార్థనల సందులలోనుండి అక్షరమక్షరముగా ‘మార్గము’ను బైటికి లాగెను. ఇరువదియొక్క శతాబ్దములకు గాని ఆ జాబు చేరవలసినవారికి జేరలేదన్నమాట.

ఇక నన్ను విలువైనదానిగా నెఱిగినవారి మేలు వినుడు. మొదటి ప్రపంచయుద్ధానంతరము నేను కాన్‌స్టాంటినోపిలునందలి మఠపు గ్రంథాలయమునుండి మాయమై, పారిసులో నొకరి యింట జేరితిని. అక్కడ నాకు బూజు పట్టెను. నా నాలుగు పత్రములపై ఎవరో బంగారుపూతతో సువార్తికుల బొమ్మలు వేసి, ప్రాచీనములని నమ్మింపజూచిరి. ఆ బొమ్మలలోని పచ్చరంగు 1938 తరువాతగాని అంగళ్లలో దొరకనిది. వీపునకు నేటికాలపు బంక పూసిరి. ఏడువందల యేండ్ల ప్రార్థన చేయని హాని ఇరువదవ శతాబ్దపు వ్యాపారము చేసెను.

వేలము తరువాత నన్ను గొన్నవాడు 1999లో బాల్టిమోరులోని వాల్టర్స్ కళాసంగ్రహాలయమున నన్నుంచెను. ఆ బంకను వదలించి పత్రములను విడదీయుటకే అబిగైల్ క్వాంట్ అను సంరక్షకురాలికి దాదాపు నాలుగేండ్లు పట్టెను. వేర్వేరు రంగుల కాంతులలో నన్ను చిత్రించిరి. 2005లో స్టాన్‌ఫర్డునందలి వేగవర్ధకయంత్రపు ఎక్స్‌కిరణముల క్రింద బెట్టిరి. లేఖకుని సిరాలోని అన్నభేది ఇనుమే గనుక, ఆ ఇనుము బంగారుపూత క్రిందనుండియు బలికెను. నాతో గీకబడిన యితర పత్రములలో ఏథెన్సు వక్త హైపరైడీస్ ఉపన్యాసములున్నవని 2002లోనే తెలిసినది. హైబర్గ్ చదువలేని యొక తావున ఆర్కిమిడీస్ అనంతములైన రెండు సమూహములను సంఖ్యలో సమానములని పోల్చియున్నాడని 2001లో రివియెల్ నెట్జ్, కెన్ సైటో గమనించిరి. గ్రీకులు అనంతమును జూచి భయపడిరని అంతవఱకు బోధించినవారు తమ పాఠమును దిద్దుకొనవలసివచ్చెను.

2008నుండి నా ఛాయాచిత్రములు ఎవరికైనను ఉచితముగా లభ్యములు. ఐతే హైబర్గ్ చూచిన పత్రములలో మూడు నేడు నాయొద్ద లేవు. అవి ఏ పెట్టెయడుగుననైన నుండవచ్చును. మీలో నెవరికైన దొరకినచో, అయ్యా, వానిపై బొమ్మలు వేయకుడు, బంక పూయకుడు. బాల్టిమోరునకు ఒక జాబు వ్రాయుడు.