తకేషీ౩! – టీకా తాత్పర్య విశేష సహితము

మూలం

తకేషీ౩!

అవతారిక

టోక్యోలో ఒక పేట. పేటలో ఓ ఖాళీ స్థలం, అందులో పేర్చిపెట్టిన మూడు సిమెంటు గొట్టాలు. వాటి మీద కూర్చుని గోదా వారబ్బాయి, తోటి పిల్లవాడు నోబిత దగ్గర లాక్కున్న కామిక్స్ పుస్తకం తిరగేస్తున్నాడు. ఎవరిదైనా సరే, ఒకసారి తన చేతిలో పడ్డాక అది తనదేనన్నది అతగాడి ఆస్తి చట్టం. సాయంత్రం ఇక్కడే తన పాటకచేరీ అని, రానివాళ్ల సంగతి రేపు చూస్తానని చాటింపు కూడా వేశాడు. అంతలో చిల్లర దుకాణం వైపునుంచి పై మూలం వినబడింది. పుస్తకం జారి కిందపడింది. లోకమంతా జియాన్ అని పిలిచే ఆ బండబ్బాయి అసలు పేరు ఇదీ. ఉచ్చరించినది కన్నతల్లి.

ఈ పిల్లవాడు పాత్రగా ఉన్న, ఫుజికో ఎఫ్. ఫుజియో గారి బొమ్మల కథ 'డోరేమాన్' 1970 జనవరి సంచికలతో మొదలైంది. అప్పటినుంచీ ఈ ఏకపద కావ్యం ఎన్నిసార్లు వినబడినా దీనికి వ్యాఖ్య లేకపోవడం లోపమే. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ వ్యాఖ్యాత కొలచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఈ టీకాకారుడు అందులో మొదటి సగానికి కట్టుబడి ఉంటాడు.

పాఠాంతరం

'టకేషి' అని మన టీవీ ప్రేక్షకుల పాఠం. ఇంగ్లీషు అక్షరాల మీదుగా వచ్చింది కాబట్టి దారిలో 'త'కు దెబ్బ తగిలి 'ట' అయింది. జపనీయులది పళ్లకు తగిలే మెత్తని తకారమే. తెలుగువాడికి పుట్టుకతో వచ్చిన అక్షరాన్ని వదిలేసి పొసగని అక్షరంతో కుస్తీ పట్టడం ఎందుకో తెలియదు. కుస్తీ అంటే గుర్తొచ్చింది: ఇంటిపేరు 'గోదా'ను మన పహిల్వాన్ల గోదాతో ముడిపెట్టాలని కొందరికి సరదా. అది చింత్యము. జపాను లిపిలో దానికి గట్టి పొలం అని అర్థం వచ్చే అక్షరాలున్నాయి. పిల్లవాణ్ణి చూస్తే రెండూ సరిపోతాయన్నది వేరే సంగతి.

ప్రతిపదార్థం

తకేషీ = ఓ శూరుడా!; (అధ్యాహారం) దుకాణం ఎవడు చూస్తాడురా?

వ్యాకరణ విశేషం

చివరి అచ్చు ప్లుతం. దూరాన ఉన్నవాణ్ణి పిలిచేటప్పుడు తుది అచ్చును మూడు మాత్రలు సాగదీయాలని పాణిని విధి. అంకె వేసింది అందుకే. అయితే దుకాణానికీ ఖాళీ స్థలానికీ దూరం పెరిగే కొద్దీ మాత్రలు నాలుగు, అయిదు అవుతాయి. దీనికి సూత్రం లేదు, అనుభవమే ప్రమాణం.

ఇక పదం. పాత జపాను భాషలో విశేషణాలు వాక్యం చివర 'షి'తో ముగిసేవి. వాడుక భాషలో ఆ 'షి' ఎప్పుడో రాలిపోయింది, మగవాళ్ల పేర్లలో మాత్రం నిలిచింది. తకేషి అంటే పరాక్రమం గలది, కియోషి నిర్మలమైనది, తదాషి సరైనది, హిరోషి విశాలమైనది, హిసాషి చిరకాలం ఉండేది. మన గ్రాంథికం పెళ్లి శుభలేఖలో తలదాచుకున్నట్టు, వాళ్ల గ్రాంథికం బడి హాజరు పట్టీలో తలదాచుకుంది. జియాన్‌ను సృష్టించిన ఫుజికో ఎఫ్. ఫుజియో గారి (అసలు ఇంటిపేరు ఫుజిమోతో) సొంత పేరు కూడా హిరోషియే. విశాలుడు శూరుణ్ణి కన్నాడు, ఆ శూరుడు నోబితను కొట్టాడు.

లిపి విశేషం (ఇది కాస్త జాగ్రత్తగా చదవాలి)

వినడానికి ఒకే పేరు, రాయడానికి చాలా దారులు: యుద్ధం అన్న అక్షరంతో, కాఠిన్యం అన్న అక్షరంతో, ఆరోగ్యం అన్న అక్షరంతో. బిడ్డ మీద తండ్రికి ఏ ఆశ ఉంటే ఆ అక్షరం. గోదా తకేషిది యుద్ధాక్షరం. 1947లో టోక్యో అదాచిలో పుట్టిన కితానో తకేషిదీ అదే.

ఈ కితానో మీజీ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు వదిలేసి అసకుసా నాటకశాలల్లో హాస్యం నేర్చుకున్నాడు. మరొకడితో జతకట్టి ఇద్దరూ 'టూ బీట్' అన్నారు. ఆ రెండోవాడు బీట్ కియోషి. అంటే వేదిక మీద నిలబడినవి రెండు పాత విశేషణాలు, ఒకటి శౌర్యం, ఒకటి నైర్మల్యం. ఇద్దరి నోటా వచ్చేవి మాత్రం శౌర్యానికీ నైర్మల్యానికీ ఏమాత్రం సంబంధం లేని మాటలు. హాస్యగాడిగా 'బీట్ తకేషి' అని రాసుకునేటప్పుడు ఆయన యుద్ధాక్షరం వాడడు, చిన్నపిల్లలు మొదట నేర్చుకునే గుండ్రటి హిరగానాలో రాస్తాడు. సినిమాకు దర్శకుడిగా పేరు వేసుకునేటప్పుడు మళ్లీ యుద్ధాక్షరంతో కితానో తకేషి. 'హనాబి'కి 1997లో వెనిస్ స్వర్ణసింహం అందుకున్నది ఈ రెండో ఆయన. అందులోనే నటించినవాడు మొదటి ఆయన. ఆయుధం దించితే నవ్వు, ఎత్తితే నెత్తురు, మనిషి ఒకడే. శ్లేష అంటే రెండర్థాల పద్యమే కానక్కరలేదని ఇక్కడ గ్రహించాలి.

తాత్పర్యం

అమ్మ పిలుస్తోంది.

ఆక్షేపం, సమాధానం

పరాక్రమవంతుడని పేరు పెట్టి ఆ తల్లే చెవి పట్టుకు ఈడ్చుకుపోతే ఆ పేరుకు అర్థభంగం కాదా, అని ఆక్షేపించవచ్చు. కాదు. జియాన్ అన్నది 'జెయింట్' నుంచి వచ్చిన మారుపేరు. అది భయపడినవాళ్లు వాడేది. తకేషి అన్నది భయపడనివాళ్లు వాడేది. పేటలో నోబిత, సునియో లాంటివాళ్లంతా మొదటి వర్గం. రెండో వర్గానికి అధ్యక్షురాలు తల్లి. వీరుణ్ణి వీరుడని పిలవగలిగేది వాడి వీరత్వాన్ని లెక్కచేయని మనిషే. డోరేమాన్ సినిమాల్లో మాత్రం ఈ పిల్లవాడు ఒక్కసారిగా మంచివాడై స్నేహితుల కోసం ప్రాణానికి తెగిస్తాడు. అలాంటి సాహసాలన్నీ తల్లి కేక వినబడనంత దూరంలోనే జరుగుతాయని గమనించాలి.

వీరనామానికీ గాంభీర్యానికీ పొత్తు కుదరకపోవడానికి పురాణ ప్రమాణం ఉంది. 712 నాటి 'కోజికి'లో ఒక రాకుమారుడు ఆడపిల్ల వేషం కట్టి విందులో దూరి, కుమాసో తెగ నాయకులిద్దరిని చంపుతాడు. చిన్నవాడు ప్రాణం పోతూ పోతూ, నీవంటి శూరుడు లేడని అతనికి 'తకేరు' అన్న బిరుదునిస్తాడు. యమాతో తకేరు అలా అయ్యాడు. తకేరు, తకేషి ఒకే ధాతువు బిడ్డలు. అంటే ఈ వంశంలో ప్రసిద్ధమైన వీరనామం ఒకడు చీర కట్టుకున్న రోజున (కిమోనో అనాలి, కాని భావం అందింది కదా) శత్రువు చేతులమీదుగా వచ్చింది. గాంభీర్యం ఇందులో మొదటినుంచీ తక్కువే.

ఉదాహరణం: కోట

1986లో టీబీఎస్ టీవీ వారు ఆటల కార్యక్రమం కోసం కట్టిన తకేషి కోట. యొకొహామాలో మిదొరియామా స్టూడియో ఆవరణలో కోట, కందకం, బురద. ప్రభువు బీట్ తకేషి లోపల కూర్చుంటాడు. దాడిచేసేవాళ్ల సేనాని తాని కేక వేయగానే సుమారు నూరుమంది మామూలు జనం హెల్మెట్లు పెట్టుకుని మీద పడతారు. 'డ్రాగన్ దేవుడి చెరువు' అనే ఆటను తీసుకోండి. నీటిలో రాళ్లు కనిపిస్తాయి, కొన్ని గట్టివి, కొన్ని తేలేవి, చూపుకు తేడా తెలియదు. ఒకడు మొదటి రాయి మీద కాలు పెడతాడు, నిలుస్తుంది. రెండోది నిలుస్తుంది. మొహంలో నమ్మకం పుడుతుంది. మూడోది మునుగుతుంది. ఆ నమ్మకం పుట్టడానికీ మొహం నీళ్లకు తగలడానికీ మధ్య ఉన్న క్షణమే హాస్యరసానికి ఆలంబనం. చివరికి మిగిలిన కొద్దిమంది బండ్లెక్కి నీటి తుపాకులతో ప్రభువు మీదికి పోతారు. గెలిస్తే పది లక్షల యెన్లు. ఎక్కువసార్లు గెలిచేది కోటే.

ఈ కోట మన ఇళ్లలోకి పోగో చానెల్ ద్వారా, జావేద్ జాఫ్రీ హిందీ వ్యాఖ్యానంతో వచ్చింది. మూలం దాటి ఒక్క అక్షరం రాయనన్న మల్లినాథుడికి పూర్తిగా ఎదురు సంప్రదాయం ఇది. జాఫ్రీ మూలాన్ని పక్కన పెట్టి, బురదలో పడేవాళ్లకు తనే పేర్లు పెట్టి, తనే వంశాలు కట్టాడు. హిందీ సగమే అర్థమైన మన పిల్లలు పూర్తిగా నవ్వారు. వ్యాఖ్యాతలలో ఇద్దరూ మహానుభావులే అని ఈ టీకాకారుడి మతం. ఎవరిని అనుసరించాలో తేల్చుకోలేకపోవడం వల్లనే ఈ వ్యాఖ్య ఇలా ఉంది.

అదే 1986లో ఇదే ప్రభువు పేరుతో తైతో కంపెనీ 'తకేషి సవాలు' అనే వీడియో గేమ్ తెచ్చింది. అందులో ఒకచోట గంటసేపు ఏమీ ముట్టుకోకుండా కూర్చోవాలి. శౌర్యానికి ఇంతకన్న కఠిన పరీక్ష లేదు.

ఇతర ఉదాహరణాలు

పోకెమాన్‌లో బ్రాక్. 1997లో మొదలైన జపాను టీవీ మూలంలో అతని పేరు తకేషి. రాతి పోకెమాన్లకు అధిపతి, కాబట్టి దార్ఢ్యం కుదిరింది. కాని వంట చేస్తాడు, తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ పెంచుతాడు, ఆడపిల్ల కనిపిస్తే మోకాళ్ల మీద పడతాడు. అప్పుడు తోటి ప్రయాణికురాలు మిస్టీ వచ్చి చెవి పట్టుకుని లాక్కుపోతుంది. గోదా వారింటి చెవిని ఇక్కడ స్మరించాలి. రెండు వేరు కథలు, రెండు వేరు కలాలు, చెవి మాత్రం ఒకటే.

రిచర్డ్ మోర్గన్ 2002 నాటి నవల 'ఆల్టర్డ్ కార్బన్'లో తకేషి కోవాచ్ ఒంటినుంచి ఒంటికి మారే సైనికుడు. చెవి పట్టుకునే మనిషి లేదు. అందుకే ఆ పుస్తకంలో ఎవరూ నవ్వరు.

కితానో తల్లి సాకి గారిని ఉదాహరణాల చివర చేర్చడం క్రమభంగమే, అయినా వదలకూడదు. బిడ్డల చదువు విషయంలో ఆమె గడుసుమనిషి. కొడుకు పేరు తెచ్చుకున్నాక నెలనెలా డబ్బు పంపమని పీడించేదట. చివరి రోజుల్లో అదంతా అతని పేరునే దాచిన పొదుపు పుస్తకం అతనికి అందించిందని ఆయనే చెప్పుకున్నాడు. తన బాల్యం మీద ఆయన రాసిన పుస్తకం పేరు కూడా హాజరు పిలుపే: పంతులు తకేషీ అంటే పిల్లవాడు ఉన్నానండీ అనడం. ఎన్‌హెచ్‌కే వారు దాన్ని 1985లో నాటకంగా చూపించారు.

పూర్వాపర విరోధ పరిహారం

మారుపేరు భయపడేవాళ్లదనీ, తల్లి అసలు పేరుతోనే పిలుస్తుందనీ పైన సిద్ధాంతం చేశాం. అయితే గోదా వారికి ఒక అమ్మాయి కూడా ఉంది, జైకో. అదీ అన్న మారుపేరులోంచి పుట్టిన మారుపేరే. ఆమె అసలు పేరు రచయిత ఎక్కడా బయటపెట్టలేదు. అదే పేరున్న ఆడపిల్లలను బడిలో ఏడిపిస్తారని భయపడి మానేశారని చెబుతారు. దేశంలోని తకేషీలందరి మీదా లేని దయ ఇక్కడ ఎందుకు కలిగిందన్న ప్రశ్న అటుంచండి. ఆ పిల్ల బొమ్మల కథలు గీస్తుంది, క్రిస్టీన్ గోదా అని కలంపేరు పెట్టుకుంది. కలంపేరు తెలిసి కన్నవాళ్లు పెట్టిన పేరు తెలియని కవులు మనకూ కొత్త కాదు. చిక్కు అది కాదు. దుకాణం గుమ్మంలో నిలబడి కొడుకును అసలు పేరుతో కేకేసే ఆ తల్లి, కూతురిని మాత్రం జైకో అనే పిలుస్తుంది. దీనివల్ల పై సిద్ధాంతమంతా కూలిపోదా అంటే, పోదు. దానికి తొమ్మిది కారణాలున్నాయి. గ్రంథవిస్తర భీతిచేత ఇక్కడ రాయడం లేదు.