శాంతి వస్తోంది, తప్పుకోండి!

గెలిచినవాడికి నిద్ర పడితే దాన్ని శాంతి అంటారు. ఓడినవాడు మేలుకుని ఉన్నాడా, అసలు ఉన్నాడా అని ఎవడడిగాడు? ఈ ఏర్పాటుకు లాటిన్‌లో ముద్దుపేరు పాక్స్. రోమన్లది పాక్స్ రొమానా. తెల్లదొరలది పాక్స్ బ్రిటానికా. తర్వాత పాక్స్ అమెరికానా. ఇంటిపేరు లేని శాంతిని మీరెప్పుడైనా చూశారా?

అగస్టస్ చక్రవర్తి స్పెయిన్, గాల్ దేశాలను దారికి తెచ్చి ఇంటికొచ్చాడు. సెనేట్ మురిసిపోయి శాంతిదేవతకు పాలరాతి పీఠం మొక్కుకుంది. క్రీ.పూ. 9లో ప్రతిష్ఠ. ఎక్కడ? యుద్ధదేవుడు మార్స్ పేరిట ఉన్న మైదానంలో! ఒక పలక మీద పసిపిల్లలను ఒళ్లో పెట్టుకున్న తల్లి, కాళ్ల దగ్గర ఆవు, గొర్రె. ముక్కలుగా మిగిలిన పక్క పలకలో రోమా దేవత. ఆవిడ కూర్చున్నది ఆయుధాల గుట్ట మీద. శిల్పి ఏదీ దాచలేదు పాపం. పిల్లల బొమ్మ ముందు ఫొటో దిగి వచ్చేసేది మనమే.

తర్వాతి చక్రవర్తుల్లో వెస్పాసియన్ ఇంకా ఘనుడు. క్రీ.శ. 70లో ఆయన కొడుకు టైటస్ జెరూసలేంను నేలమట్టం చేసి, అక్కడి గుడి సొత్తు రోముకు మోసుకొచ్చాడు. ఆ సొత్తును నలుగురికీ చూపించాలిగా! 75లో తండ్రి కొత్త ఆలయం తెరిచాడు. పేరేమిటనుకున్నారు? శాంతి ఆలయం. పక్కింట్లో దోచిన గిన్నెలతో సత్యనారాయణ వ్రతం చేసుకున్నట్టు.

అగస్టస్ పీఠం తర్వాత్తర్వాత బురదలో కూరుకుపోయింది. బయటికి తీయించిందెవరు? సాక్షాత్తు ముస్సోలినీ. భూమిలోని నీటిని గడ్డకట్టించి మరీ ముక్కలు తవ్వించాడు. ఇథియోపియా మీద విషవాయువు చల్లిన చేతులవి. 1938 సెప్టెంబరు 23న ప్రారంభోత్సవం. యూదు పిల్లలను, టీచర్లను బడుల నుంచి గెంటేస్తూ ఆజ్ఞ వెలువడిందీ ఆ నెలలోనే. శాంతి పీఠానికి ఇంతకంటే తగిన పూజారి దొరుకుతాడా?

ఇక దొరల శాంతి. 1815 నుంచి 1914 దాకా నడిచిందట. నల్లమందు అమ్ముకోనివ్వలేదని చైనాతో రెండు యుద్ధాలు, మన 1857... అన్నీ శాంతి ఖాతాలోనే. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాను మనకు చక్రవర్తినిగా ప్రకటించారు. అప్పటికే కర్నూలు, కడప, బళ్లారి ధాత కరువులో మాడుతున్నాయి. కరువు పనులకు రిచర్డ్ టెంపుల్ దొర కూలి లెక్కగట్టాడు. రోజంతా గొడ్డుచాకిరీ చేసిన మగవాడికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. అర కిలో కూడా కాదు! గోధుమలు మాత్రం దర్జాగా ఓడలెక్కి ఇంగ్లండు వెళ్లాయి. తక్కువ లెక్క వేసినా 50 లక్షలకు పైగా చచ్చారు. తుపాకీ పేలలేదుగా, శాంతే! రెండేళ్లకు రంప మన్యం కల్లు మీద పన్నేమిటని తిరగబడింది. అప్పుడు తుపాకులూ పేలాయి.

అన్నట్టు, మన కేటరింగ్ వాళ్లకూ ఒక పాక్స్ ఉంది. '300 పాక్స్‌కి బిర్యానీ' అంటే దేవత కాదు, ప్లేట్లు. ప్యాసెంజర్‌కి పొట్టి పేరది. ఈ గుంపులో నిజాయితీ దానిదే. తలకింత అని రేటు ముందే చెబుతుంది.

ఆయుధాలతో రుద్దే పాక్స్ అమెరికానా మాకొద్దని 1963లో కెనడీ సెలవిచ్చాడు. ఆహా! అప్పటికే వియత్నాంలో వేలమంది అమెరికా సైనిక 'సలహాదారులు'. రెండేళ్లు తిరక్కుండానే డానాంగ్ తీరంలో మెరైన్లు దిగారు. మనమేమైనా తక్కువ తిన్నామా? 1974లో పోఖ్రాన్‌లో అణుబాంబు పేల్చి, శాంతియుత విస్ఫోటనం అన్నాం.

రీగన్ దొర అందరినీ మించాడు. పది అణుబాంబులు మోసే క్షిపణికి 'పీస్‌కీపర్' అని నామకరణం చేశాడు. శాంతి కాపలాదారు! 2005లో అది రిటైరైంది. మరి బాంబులో? ఎవరైనా పారేసుకుంటారా! కొన్నింటిని వేరే క్షిపణులకు బిగించారు. ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి.