చైతన్యపురి శ్రుతిపెట్టె

నాకు వచ్చినవి రెండే స్వరాలు: సా, పా. ఐదున్నర శ్రుతిలో పెట్టి మీట నొక్కితే కరెంటు పోయేదాకా అవే పలుకుతూ ఉంటాను. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు సందడి దాటాక, చైతన్యపురి సందులో సంగీతం మేడమ్ గారి హాల్లో టీపాయ్ మీద నా కాపురం. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కి మెట్రో వచ్చాక ఆ చివరి పిల్లలూ పాఠానికి వస్తున్నారు.

కొత్త పిల్ల సరళీ వరుసలు మాయామాళవగౌళలో మొదలుపెడుతుంది. ఇందులో రి, సాకి అంటుకునే ఉండాలి. అక్కడి నుంచి గాకి పెద్ద అంగ. సినిమా పాటలు విని పెరిగిన పిల్ల రిని తనకి అలవాటైన చోటికి ఎగదోస్తుంది. "కిందికమ్మా, ఇంకా కిందికి" అంటారు మేడమ్. తప్పు గొంతుది కాదు. మెదడు విన్న స్వరాన్ని అంతకుముందే కట్టుకున్న గూళ్ళలో దగ్గరిదానిలో పడేస్తుంది. కొత్త గూడు కట్టుకోవడానికి రోజులు పడతాయి, నిద్ర కూడా కావాలి. సాయంత్రం ఎంతకీ పలకని జంట వరుస మర్నాడు పొద్దున్న తేలిగ్గా వచ్చేస్తుంది.

మేడమ్ నోట్‌బుక్ తెరవనివ్వరు. సంగతిని ముక్కలుగా పాడి అనిపిస్తారు. ముక్క పొడవైతే పిల్ల చివర మర్చిపోయి తనకి తోచింది అతికిస్తుంది. ఆ అతుకు చాలాసార్లు తాళంలో చక్కగా కూర్చుంటుంది! దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరో ఒకరు ఏదో ఒక పరీక్షకి పైకి చదువుతూనే ఉంటారు కాబట్టి దీని వెనక కథ నా చెవిన పడింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో సైమన్ కిర్బీ బృందం అడ్డదిడ్డమైన డ్రమ్ము దరువుల్ని సంగీతం నేర్వనివాళ్ళకి వినిపించి వాయించమంది. ఒకరు వాయించింది మరొకరికి పాఠం. 2016లో ఫలితాలు వెలువడ్డాయి. చేతులు మారేకొద్దీ దరువులు చక్కబడి, లోకంలోని సంగీతాల్లో కనిపించే లయ లక్షణాలు తెచ్చుకున్నాయి. ఎవరూ బాగుచేద్దామనుకోలేదు. గుర్తున్నంతే ముందుకి పోయింది.

త్యాగరాజ కృతులూ ఇలాగే వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యుల గొంతుల్లో వేర్వేరు పాఠాంతరాలయ్యాయి. సుబ్బరామ దీక్షితులు 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగులో అచ్చువేసి గమకాలకి గుర్తులు పెట్టారు. వాటిని పలికించడానికీ ముందు విన్న చెవి ఉండాలి. అన్నమయ్య రాగిరేకులు సాహిత్యాన్నీ రాగం పేరునీ భద్రంగా దాచాయి. పాడే గొంతులు తెగిపోయాక వరసలు చాలావరకు పోయాయి. ఇప్పుడు మనం వినేవి ఎక్కువగా రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు కట్టినవే. రాగిరేకుకీ నాకూ ఒకటే జబ్బు, మారడం రాదు.

ఎల్బీనగర్ నుంచి వచ్చే ఇంటర్ అమ్మాయి ఒక కృతిలో అనుపల్లవి చివర జారు వేసి దిగుతుంది. మేడమ్ చెప్పింది విరుపు. కొన్నాళ్ళు దిద్ది ఊరుకున్నారు. పక్కన కూర్చుని విన్న చిన్న బ్యాచ్ అంతా ఇప్పుడు జారే పాడుతోంది. నిన్న మేడమ్ పాఠం చెబుతూ తనూ అలాగే దిగారు.

"మీరు ముందు ఇలా చెప్పలేదు కదా మేడమ్?" అంది ఆ అమ్మాయి.

"ఎప్పుడూ ఇదే కదమ్మా" అన్నారు మేడమ్.